ఊరూ తేదీ లేని వింతలు

2023 రంజాన్ మాసం. అల్జీరియా దేశంలోని ఒక మస్జిదులో తరావీహ్ నమాజు జరుగుతోంది. ఇమాం సాహెబ్ ఖుర్ఆన్ పారాయణంలో లీనమై ఉన్నారు. ఎక్కడి నుంచి వచ్చిందో, ఒక పిల్లి ఆయన ఛాతీ మీదికి దూకింది. ఆయన పారాయణం ఆపలేదు, పిల్లిని విదిలించలేదు. అది జారిపడకుండా చేత్తో పట్టుకుని నిమిరారు. పిల్లి భుజం మీదికెక్కి, ఆయన ముఖానికి మూతి ఆనించి, తన దారిన తాను దిగిపోయింది. నమాజు సాగిపోయింది. ఈ చిన్న దృశ్యాన్ని ప్రపంచమంతటా లక్షలాది మంది చూశారు. మన మతం కానివారు కూడా చూసి మురిసిపోయారు. ఇస్లాం కారుణ్యాన్ని గురించి వంద ఉపన్యాసాలు చేయలేని పనిని ఒక పిల్లి చేసిందని మాకనిపించింది.

ఇటువంటివి చూడడం తప్పని చెప్పడానికి ఈ సంపాదకీయం రాయడం లేదు. రోజంతా కష్టపడి ఇంటికి చేరిన మనిషి రాత్రి ఫోనులో ఒక వింతను చూసి నవ్వుకుంటే, దాన్ని దుబాయిలో ఉన్న కొడుకుకో, గుంటూరులో ఉన్న అక్కకో పంపి వాళ్ళనూ నవ్విస్తే అందులో దోషమేమీ లేదు. దూరాన ఉన్న కుటుంబాలను ఈ చిన్న చిన్న దృశ్యాలే ఎన్నోసార్లు దగ్గర చేస్తున్నాయి. దైవప్రవక్త ముహమ్మద్ (స) సహచరులతో చిరునవ్వుతో మెలిగేవారని, హాస్యమాడేవారని, అయితే హాస్యంలో కూడా సత్యం తప్పేవారు కాదని హదీసు గ్రంథాల ద్వారా మనకు తెలుసు. మేము ఈ నెల మాట్లాడదలచుకున్నది ఆ రెండో భాగాన్ని గురించే. నవ్వు ఉండాలి, వింత ఉండాలి, వాటితోపాటు సత్యమూ ఉండాలి.

పిల్లి వీడియోకు ఒక ఊరుంది, ఒక నెల ఉంది, ఒక మస్జిదు ఉంది. అది ఎక్కడ జరిగిందో, ఎప్పుడు జరిగిందో ఎవరైనా అడిగితే చెప్పవచ్చు. కానీ మన ఫోన్లలోకి వచ్చే వింతల్లో చాలా వాటికి ఊరుండదు, తేదీ ఉండదు, తీసినవారి పేరుండదు. ప్రభుత్వ కార్యాలయంలో తేదీ, సంతకం లేని కాగితాన్ని ఫైలులో కలపరు. గుమాస్తా దాన్ని పక్కన పెడతాడు. అదే కాగితం వాట్సాప్‌లో వస్తే మాత్రం మనం చదివీ చదవకముందే నలుగురికి పంపిస్తున్నాం.

దీనివల్ల ఏమవుతుందో చెప్పడానికి ఒక వీడియో కథ చాలు. పాకిస్తాన్‌లోని కరాచీ నగరంలో పిల్లల రక్షణ కోసం పనిచేసే ఒక సంస్థ తల్లిదండ్రులను హెచ్చరించడానికి చిన్న ప్రచార చిత్రం తీసింది. వీధిలో పిల్లలు ఆడుకుంటుంటారు. మోటారు సైకిలు మీద వచ్చిన ఇద్దరు ఒక పిల్లవాణ్ణి ఎత్తుకుపోతారు. మరుక్షణంలోనే తిరిగివచ్చి పిల్లవాణ్ణి దించి, పిల్లలు మాయం కావడానికి క్షణం చాలునని తెలిపే అట్టను చూపిస్తారు. ఎవరో ఆ చివరి భాగాన్ని కత్తిరించారు. మిగిలింది ఎత్తుకుపోయే దృశ్యం ఒక్కటే. 2018లో ఆ ముక్క మన దేశంలో ఊరూరా తిరిగింది. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు మీ ప్రాంతానికి వచ్చాయని ఎవరి భాషలో వారికి సందేశం జోడించి పంపారు. పిల్లలను కాపాడమని తీసిన చిత్రమే మనుషులను చంపించే పనిముట్టుగా మారింది.

ఆ ఏడాది మే నెలలో, రంజాన్ ఉపవాసాల రోజుల్లో, హైదరాబాదు చాంద్రాయణగుట్ట ప్రాంతంలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను పిల్లలను ఎత్తుకుపోయే మనిషి అని అనుమానించి గుంపు కొట్టి చంపింది. జూలై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడా గ్రామంలో భిక్షాటనకు వచ్చిన సంచారజాతి వారు ఐదుగురు అదే అనుమానానికి బలయ్యారు. జూలై 13న హైదరాబాదుకు చెందిన ఒక ముస్లిం యువ ఇంజినీరు మిత్రులతో కలిసి కర్ణాటకలోని బీదర్ జిల్లాకు వెళ్ళాడు. వారిలో ఖతర్ నుంచి వచ్చిన ఒక మిత్రుడు దారిలో కనిపించిన బడి పిల్లలకు చాక్లెట్లు ఇచ్చాడు. అంతే. పిల్లల దొంగలు కారులో పారిపోతున్నారన్న సందేశం వాట్సాప్‌లో వాళ్ళకంటే ముందుగా ముర్కి గ్రామానికి చేరింది. అక్కడ దారికి అడ్డుపడిన గుంపు చేతిలో ఆ ఇంజినీరు ప్రాణాలు పోగొట్టుకున్నాడు. తోటివారు తీవ్రంగా గాయపడ్డారు. చాక్లెట్లు పంచిన చేతిలోని ప్రేమను చూడకుండా, ఫోనులో చూసిన అబద్ధాన్ని జనం నమ్మారు.

ఈ మూడు ఘటనల్లో చనిపోయినవారి మతాలు వేరు, కులాలు వేరు. ఒకటి మన పాతబస్తీ పరిసరాల్లోనే, మనం ఇఫ్తార్లు చేసుకునే రోజుల్లోనే జరిగింది. కాబట్టి వదంతి బాధితులం మనం మాత్రమే అని అనుకోవడానికి వీల్లేదు. ఏ గుంపులో ఎవరున్నారన్న లెక్క తీయడం కంటే, మనలో ప్రతి ఒక్కరూ ఆ సందేశాన్ని ఎన్నిసార్లు ముందుకు పంపామో లెక్క తీసుకోవడం మేలు.

అదే సమయంలో, అధికారులు తలచుకుంటే ఏం చేయవచ్చో కూడా మన తెలంగాణలోనే చూశాం. ఉమ్మడి మహబూబ్‌నగర్ ప్రాంతంలోని గద్వాల, వనపర్తి జిల్లాల్లో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసులను ఊళ్ళకు పంపి, డప్పు వేయించి, జానపద కళాకారులతో పాటలు పాడించి, గ్రామాల వాట్సాప్ గ్రూపుల్లో పోలీసులను చేర్పించి వదంతిని వదంతిగా నిలబెట్టి చూపించారు. చదువు తక్కువని మనం అనుకునే పల్లెలు ఆ మాట విన్నాయి. నగరాలు వినలేకపోయాయి.

రెండేళ్ళ తరువాత వదంతి దిశ మార్చుకుని సూటిగా మన మీదికి వచ్చింది. 2020 మార్చి నెలాఖరులో ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్ వార్తలు రాగానే పాత వింతలెన్నో కొత్త పేర్లతో బయటికి వచ్చాయి. కొందరు పళ్ళాలు, చెంచాలు నాకుతున్న వీడియోను కరోనా వ్యాప్తి చేసే కుట్ర అన్నారు. అది దావూదీ బోహ్రా సోదరులు మెతుకు కూడా వృథా కాకూడదని పాటించే ఆచారం, 2018 నుంచే ఇంటర్నెట్‌లో ఉంది. గట్టిగా శ్వాస తీసి విడుస్తూ సూఫీలు చేసే జిక్ర్ వీడియోను మర్కజ్‌లో సామూహికంగా తుమ్ముతున్నారని ప్రచారం చేశారు. దానికీ నిజాముద్దీన్‌కూ సంబంధమే లేదు. మధ్యప్రదేశ్‌లోని రాయసేన్ పట్టణంలో ఒక వృద్ధుడు వేళ్ళు తడుపుకుంటూ పండ్లు సర్దుతున్న వీడియోను దేశమంతా తిప్పారు. అది కరోనా లాక్‌డౌన్‌కు ముందు, ఫిబ్రవరిలో తీసినది. ఆ పెద్దాయన మానసిక స్థితి సరిగా ఉండదని కుటుంబసభ్యులు చెప్పారు.

ఈ మూడు దృశ్యాలను ఒకసారి పరిశీలించండి. ఇందులో యంత్రంతో సృష్టించింది ఏదీ లేదు. పళ్ళెం నిజమే, జిక్ర్ నిజమే, పండ్లు సర్దిన చేయీ నిజమే. వాటి ఊరినీ తేదీనీ కత్తిరించడం ఒక్కటే జరిగిన మోసం. తెలియనివారికి వింతగా తోచే ఆచారాన్ని, వింతగా తోచే మనిషిని తీసుకుని, మరో ఊరి పేరు, మరో తేదీ తగిలించారు. వింత ఆయుధంగా మారడానికి అంతకంటే ఎక్కువ పనితనం అక్కరలేదు.

ఆ దెబ్బ ఎవరికి తగిలింది? కుర్చీల్లో కూర్చుని వాటిని పంచినవారికి కాదు. మా బస్తీలో పండ్ల బండి తోసుకునే ఒక పెద్దాయన ఉన్నారు. లాక్‌డౌన్ రోజుల్లో పండ్లు, కూరగాయలు అమ్ముకోవడానికి అనుమతి ఉండేది. ఆయన బండి మాత్రం ఉదయం ఎంత బరువుతో వెళ్ళిందో సాయంత్రం అంతే బరువుతో తిరిగి వచ్చేది. మేము పలకరించినప్పుడు, "సాబ్, ముప్పై ఏళ్ళుగా ఇదే వీధి. నా బండి మీది అరటిపండు తిని పెరిగిన పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్ళయ్యారు. వాళ్ళే కిటికీలోంచి చూసి తలుపు వేసుకుంటున్నారు. నేనేం చేశానని అడగడానికి కూడా ఎవరూ బయటికి రావడం లేదు" అన్నారు. ఎండకు మగ్గిపోయిన అరటి గెలలను ఆయన ఆ వారం మేకలకు వేశారు.

న్యాయస్థానాలు తరువాత నిజం చెప్పాయి. 2020 ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం విదేశీ తబ్లీగీ సభ్యులపై పెట్టిన కేసులను కొట్టివేస్తూ, వారిని బలిపశువులను చేశారని, ప్రసార మాధ్యమాల్లో వారిపై పెద్దఎత్తున దుష్ప్రచారం జరిగిందని స్పష్టం చేసింది. వారికి ఆశ్రయమిచ్చిన 70 మంది భారతీయులపై ఉన్న కేసులను ఢిల్లీ హైకోర్టు 2025 జూలైలో కొట్టివేసింది. అబద్ధం ఒక్క రాత్రిలో దేశమంతా తిరిగితే, దానికి జవాబు అందడానికి ఐదేళ్ళు పట్టింది. ఆ జవాబును ఎన్ని వాట్సాప్ గ్రూపులు పంచుకున్నాయి? ఆ పెద్దాయన పోగొట్టుకున్న బేరాన్ని ఏ తీర్పు తిరిగి ఇస్తుంది?

ఇంతవరకు చెప్పింది మన మీద జరిగిన అన్యాయం. ఇక చెప్పబోయేది వినడానికి కొంత చేదుగా ఉంటుంది.

అబద్ధాన్ని ముందుకు పంపే అలవాటు మనకూ కొత్త కాదు. సెల్‌ఫోన్లు రాకముందు పోస్టుకార్డు మీదనో, జిరాక్స్ కాగితం మీదనో ఒక ఉత్తరం వచ్చేది. మదీనాలో షేక్ అహ్మద్ అనే ఆయనకు కల వచ్చిందని, దీన్ని ఇంతమందికి పంచితే మేలు జరుగుతుందని, పంచకపోతే కీడు జరుగుతుందని అందులో ఉండేది. భయపడి అప్పు చేసి అచ్చు వేయించి పంచినవారు మాకు తెలుసు. సౌదీ పండితుడు షేక్ ఇబ్నె బాజ్ అది కల్పితమని ఖండిస్తూ ప్రత్యేకంగా రాసినా దాని ప్రయాణం ఆగలేదు. చంద్రుని మీద అజాన్ విని నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఇస్లాం స్వీకరించాడన్న కథ అటువంటిదే. ఆయన స్వయంగా కాదన్నాడు. 1983లో అమెరికా విదేశాంగ శాఖ ముస్లిం దేశాల్లోని తన కార్యాలయాలకు ఈ విషయమై సందేశం కూడా పంపింది. అయినా నలభై ఏళ్ళుగా ఆ కథ మన గ్రూపుల్లో ఏటా ఒకసారి కొత్తగా పుడుతూనే ఉంది. చేప మీద అక్షరాలు, మేఘంలో ఆకారాలు, సజ్దా చేస్తున్న చెట్లు కూడా ఈ వరుసలోనివే.

ఇందులో నష్టమేముంది, ధర్మం పట్ల ప్రేమతోనే కదా పంపేది అని కొందరు సోదరులు అడుగుతారు. నష్టం రెండు విధాలు. మొదటిది, సత్యధర్మానికి అబద్ధపు సాక్షి అక్కరలేదు. ఆర్మ్‌స్ట్రాంగ్ కథ మీద విశ్వాసాన్ని నిలబెట్టుకున్న పిల్లవాడు రేపు అది కల్పన అని తెలుసుకున్నప్పుడు దానితోపాటు ఇంకేమేమి అనుమానిస్తాడో ఆలోచించండి. రెండోది, పరిశీలించకుండా నమ్మడం ఒక అలవాటు. ఆ అలవాటు చేప మీద అక్షరాల దగ్గర ఆగదు. మనకు నచ్చిన అబద్ధాన్ని ప్రశ్నించనివారికి, మన మీద వచ్చిన అబద్ధాన్ని ప్రశ్నించే నైతిక బలం తగ్గిపోతుంది.

పైన చెప్పిన పండ్ల బండి పెద్దాయన మనవడు, కాలేజీలో చదువుకునే కుర్రవాడు, కొంతకాలం క్రితం మా బస్తీ గ్రూపులో ఒక వీడియో పెట్టాడు. ఏదో ప్రార్థనా మందిరం తగలబడుతోంది. పక్క జిల్లాలో మనవాళ్ళ మీద దాడి జరుగుతోందని, వెంటనే అందరికీ పంపమని దాని కింద రాసి ఉంది. పండుగ ఊరేగింపుకు ఇంకా రెండు రోజులే వ్యవధి. మేము ఆ కుర్రవాణ్ణి పిలిచి ఇది ఎక్కడిదని అడిగాము. "తెలియదు చాచా, ఎవరో పంపారు, నేను పంపాను" అన్నాడు. అతని చేతనే ఫోనులో ఆ చిత్రాన్ని వెతికించాము. అది కొన్నేళ్ళ నాటిది, మన దేశానిది కూడా కాదు. కుర్రవాడు అప్పటికప్పుడు దాన్ని తొలగించి, తప్పు జరిగిందని గ్రూపులో రాశాడు. సంగతి విన్న తాత అతనితో ఒక్క మాటే అన్నారు: "ఆ రోజు మన ఇంట్లో పొయ్యి వెలగకుండా చేసింది ఇదే కదా బేటా." కుర్రవాడు తల దించుకున్నాడు. నిజానికి తల దించుకోవలసింది అతనొక్కడే కాదు, ఆ వీడియోను చూసి కూడా ఎక్కడిదని అడగని పెద్దలమందరం.

నవ్వించే వీడియోల్లోనూ ఒక ఆపద ఉంది. వజూ చేస్తూ జారిపడిన వృద్ధుడు, మతిస్థిమితం లేక వీధిలో తిరిగే మనిషి, తెలియకుండా తీసిన ఒక స్త్రీ దృశ్యం, అన్నం కోసం చేయి చాచిన పేద పిల్లవాడు, ఇవన్నీ నేడు నవ్వుకునే సరుకులయ్యాయి. రాయసేన్ వృద్ధుణ్ణి మొదట వీడియో తీసినవారి ఉద్దేశం ఏదైనా, మనిషి బలహీనతను దొంగచాటుగా తీయడంతోనే ఆ కథ మొదలైంది. దివ్య ఖుర్ఆన్ హుజురాత్ సూరా 11వ ఆయత్‌లో ఒకరినొకరు పరిహసించుకోవద్దని ఆదేశం ఉంది. కారణం, పరిహాసానికి గురైనవారే మేలైనవారు కావచ్చు. అదే సూరా 6వ ఆయత్ వార్త తెచ్చినప్పుడు విచారించమని, లేకపోతే తెలియక ఒక జనానికి హాని చేసి తరువాత పశ్చాత్తాపపడవలసి వస్తుందని హెచ్చరిస్తుంది. విశ్వాసుల మాత హజ్రత్ ఆయిషా (రజి) మీద మదీనాలో వ్యాపించిన నిందారోపణ గురించి నూర్ సూరాలో వచ్చిన హితబోధ మనకు తెలియనిది కాదు. నోటి నుంచి నోటికి మాట మార్చుకున్నవారు దాన్ని తేలికగా తీసుకున్నారు, అల్లాహ్ వద్ద మాత్రం అది చాలా తీవ్రమైన విషయం. నోటికి బదులు ఇప్పుడు బొటనవేలు వచ్చింది, బాధ్యత మారలేదు.

కాలం మరింత కఠినంగా మారుతోంది. 2025లో రాత్రిపూట కుందేళ్ళు ట్రాంపొలిన్ మీద గెంతుతున్న వీడియోను కోట్లమంది చూసి ముచ్చటపడ్డారు. ఆ కుందేళ్ళు లేనే లేవు, కృత్రిమ మేధ సృష్టించిన బొమ్మలవి. కుందేళ్ళయితే నవ్వి ఊరుకుంటాం. రేపు అదే పనితనంతో ఒక ఇమాం నోట, ఒక పూజారి నోట, ఒక పాస్టరు నోట అనని మాట అనిపిస్తే? కంటితో చూశామన్న సాక్ష్యం ఇక చాలదు.

అలాగని భారమంతా బాధితుల మీద వేసి ప్రభుత్వం, ఫోను సంస్థలు తప్పుకోవడానికి వీల్లేదు. ముర్కి ఘటన జరిగిన నాలుగు రోజులకు, 2018 జూలై 17న, సుప్రీంకోర్టు మూకదాడుల నివారణకు ప్రతి జిల్లాలో ఎస్పీ స్థాయికి తగ్గని అధికారిని నోడల్ అధికారిగా నియమించాలని ఆదేశించింది. మీ జిల్లాలో ఆ అధికారి ఎవరో మీకు తెలుసా? తెలియకపోతే పది రూపాయల రుసుముతో సమాచార హక్కు చట్టం కింద అడగండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో సమూహాల మధ్య ద్వేషం రగిలించడం 196వ సెక్షన్ కింద, అలజడికి దారితీసే వదంతులు వ్యాపింపజేయడం 353వ సెక్షన్ కింద నేరాలు. ఐదుగురు లేక అంతకు మించినవారు కూడి కులం, సముదాయం, విశ్వాసం వంటి కారణాలతో హత్య చేస్తే 103వ సెక్షన్ రెండో భాగం ప్రకారం యావజ్జీవ శిక్ష లేదా మరణశిక్ష. చట్టం మనకు వ్యతిరేకంగా మాత్రమే ప్రయోగించే వస్తువు కాదు, మనమూ ప్రయోగించవలసిన హక్కు.

కనుక మా విన్నపాలు ఇవి. మొదటిది, ద్వేషపూరితమైన వీడియో వస్తే ఖండించడానికైనా సరే ముందుకు పంపకండి. పంపినవారి నంబరు, తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి భద్రపరచి, లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయండి, రసీదు తీసుకోండి. పోలీసు స్టేషనులో తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో ఎస్పీకి పంపండి. రెండోది, ఏ వింతయినా ముందుకు పంపేముందు మూడు ప్రశ్నలు వేసుకోండి: ఇది ఎక్కడిది, ఎప్పటిది, దీని మొదలూ చివరా ఏమిటి? జవాబు లేకపోతే అక్కడే ఆపేయండి. తెలుగులో నిజనిర్ధారణ చేసే సంస్థలు హైదరాబాదులోనే ఉన్నాయి, వాటి సహాయం తీసుకోండి. మూడోది, ప్రతి మస్జిదు కమిటీ జుమా తరువాత నెలకొకసారి పావుగంట ఇందుకు కేటాయించి, ఫోను బాగా తెలిసిన యువతీయువకుల చేత పెద్దలకు నేర్పించాలి. నాలుగోది, పొరపాటున అబద్ధాన్ని పంపితే, పంపిన చోటే తప్పు ఒప్పుకోండి. ఆ కుర్రవాడు చేసిన పని అదే. అందులో అవమానం లేదు.

మన పొరుగింటివారితో మాట మానకండి. 2020లో తలుపులు మూసుకున్న ఇళ్ళవారు చెడ్డవాళ్ళు కారు, భయపడ్డవాళ్ళు. వారి ఫోనులోని అబద్ధానికి ఎదురు నిలిచేది మన నిత్య పరిచయమే. ఆ వీధిలో ఒక వృద్ధురాలు మాత్రం నెల రోజుల తరువాత గేటు దగ్గరికి వచ్చి, "రోజూ చూసే మనిషివి, నిన్ను నమ్మక ఎవర్ని నమ్ముతానయ్యా" అంటూ పెద్దాయన దగ్గర డజను అరటిపండ్లు కొన్నారు. ఆయన డబ్బు తీసుకోబోతే చేయి వణికిందట. ఆ దృశ్యాన్ని ఎవరూ వీడియో తీయలేదు, అది ఏ ఫోనులోనూ తిరగలేదు. మేము చూసిన వింతల్లో అంత గొప్పది మరొకటి లేదు.

అల్లాహ్ మన నాలుకలను, మన వేళ్ళను అసత్యం నుంచి కాపాడుగాక. ఆమీన్.